అమ్మకాలు పెరిగినా.. ఆర్డర్లే ఆధారం
కాకినాడ బయోడీజిల్ కర్మాగారం తీరుతెన్నులు

రామచంద్రపురం: వరికోత యంత్రం మొదలు ఇసుక లారీ వరకు డెల్టాలో డీజిల్ లేనిదే పని సాగదు. ఆ డీజిల్‌లో కలపదగిన ఇంధనాన్ని నూనెలు, కొవ్వుల నుంచి తయారుచేసే కర్మాగారం పట్టణానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కాకినాడలో ఉంది. అమెరికాకు చెందిన ఏమెటిస్ సంస్థ తన అనుబంధ సంస్థ యూనివర్సల్ బయోఫ్యూయల్స్ ద్వారా దీనిని నిర్వహిస్తోంది.

30 కోట్ల లీటర్ల సామర్థ్యం
ఈ కర్మాగారం 2008లో ఏడాదికి లక్షన్నర టన్నుల సామర్థ్యంతో ఏర్పాటైంది. అప్పట్లో మాతృసంస్థ పేరు ఏఈ బయోఫ్యూయల్స్. 2011లో అది ఏమెటిస్‌గా మారింది. 2024లో చేపట్టిన విస్తరణతో వార్షిక సామర్థ్యం 8 కోట్ల గ్యాలన్లకు, అంటే సుమారు 30 కోట్ల లీటర్లకు చేరింది.

తయారీ ఇలా..
నూనె లేదా కొవ్వుకు మిథనాల్ చేర్చి, ఉత్ప్రేరకం సాయంతో రసాయన చర్య జరుపుతారు. 100 కిలోల నూనెకు సుమారు 10 కిలోల మిథనాల్ వాడితే దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ లభిస్తాయి. శుద్ధిచేసిన గ్లిజరిన్‌కు ఔషధాలు, సౌందర్య సాధనాల పరిశ్రమల్లో గిరాకీ ఉంది.

ఒక త్రైమాసికంలోనే తేడా
భారత విభాగం ఆదాయం 2023లో సుమారు 7.7 కోట్ల డాలర్లు కాగా, 2024లో సుమారు 9.3 కోట్ల డాలర్లకు పెరిగింది. ఉత్పత్తిలో అధిక భాగాన్ని కొనుగోలు చేసేవి ప్రభుత్వరంగ చమురు సంస్థలే. 2025 ఆరంభంలో వాటి కొత్త ఒప్పందాలు ఆలస్యం కావడంతో సరఫరా దెబ్బతింది. ఏప్రిల్ తరువాత ఆర్డర్లు తిరిగి లభించాయి. యంత్రసామర్థ్యం ఎంత ఉన్నా కొనుగోలు నిలకడగా లేకుంటే కర్మాగారం పూర్తిస్థాయిలో నడవదని ఈ అనుభవం తేటతెల్లం చేసింది.

2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం నిర్దేశించింది. వాస్తవ మిశ్రమం మాత్రం 1 శాతం లోపే ఉంటూ వచ్చింది.

ముడిసరుకే కీలకం
పామాయిల్ శుద్ధిలో వేరుపడే గట్టి కొవ్వు, పామ్ స్టియరిన్, ప్రధాన ముడిసరుకుల్లో ఒకటి. దీని ధర అంతర్జాతీయ పామాయిల్ విపణితోపాటే మారుతుంది. ఇండోనేషియా, మలేషియాల్లో తోటల కోసం అడవులు నరికారన్న విమర్శ కూడా ఈ నూనెపై ఉంది. అందువల్ల జంతు కొవ్వు, వాడేసిన వంటనూనెలకు ప్రాధాన్యం పెరుగుతోంది.

వాడిన నూనె పారబోయవద్దు
పదేపదే కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం మించితే వంటకు వాడరాదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి నూనెను బయోడీజిల్ తయారీకి మళ్లించే రూకో కార్యక్రమాన్ని ప్రారంభించింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వినియోగించే హోటళ్లు, మిఠాయి తయారీదారులు దాని లెక్కలు నమోదు చేయాలి. మిగిలిన నూనెను గుర్తింపు పొందిన సేకరణదారులకే అప్పగించాలి. మురుగుకాలువల్లో కలిసే నూనె తగ్గడంతోపాటు, అదే నూనె బండ్లపై బజ్జీల మూకుళ్లలోకి తిరిగి చేరే ముప్పు కూడా దీనివల్ల తప్పుతుంది.