మాదకద్రవ్యాల కేసులలో శిక్ష తగ్గింపు

మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడిన ఖైదీ వృద్ధాప్యం, తీవ్ర అనారోగ్యం వంటి కారణాలతో గడువుకు ముందే విడుదల కావడం భారతదేశంలో కష్టసాధ్యం. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టంలోని (ఎన్.డి.పి.ఎస్. చట్టం) 32-ఎ సెక్షన్ ఇందుకు ముఖ్య కారణం. 1989లో చేర్చిన ఈ సెక్షన్ ప్రకారం ఈ చట్టం క్రింద విధించిన శిక్షను నిలుపుదల చేయరాదు, తగ్గించరాదు, మార్చరాదు. మాదకద్రవ్యాలను సేవించిన నేరానికి (27వ సెక్షన్) మాత్రం ఈ నిషేధం వర్తించదు.

== ఉత్తర తెలంగాణలో నేపథ్యం ==

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో పత్తి, కంది చేల మధ్య అంతరపంటగా గంజాయి మొక్కలు పెంచిన కేసులు తరచుగా నమోదవుతున్నాయి. ఆంధ్ర-ఒడిషా సరిహద్దు నుండి మహారాష్ట్రకు సాగే గంజాయి రవాణా కూడా ఈ ప్రాంతం గుండా జరుగుతుంది. గంజాయి పండించేవారికి రైతుబంధు నిలిపివేస్తామని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల ఖైదీలను ఉంచిన వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఆసుపత్రి నిర్మాణం కొరకు 2021లో కూల్చివేశారు. అక్కడి ఖైదీలను చర్లపల్లి తదితర కారాగారాలకు తరలించారు. ఆదిలాబాదు నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నందున, జబ్బుపడిన ఖైదీని చూడడం పేద కుటుంబాలకు పెద్ద భారం.

== గంజాయి నేరాలకు శిక్షలు ==

* 1 కిలో వరకు: ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.
* 1 కిలోకు మించి 20 కిలోల లోపు: 10 ఏళ్ళ వరకు కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా.
* వాణిజ్య పరిమాణం (20 కిలోలకు మించి): 10 నుండి 20 ఏళ్ళ కారాగారం, 1 నుండి 2 లక్షల జరిమానా.
* మొక్కల సాగు: 10 ఏళ్ళ వరకు కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. మొక్కల సంఖ్యను బట్టి చట్టంలో తరగతులు లేవు. శిక్ష ఎంతన్నది న్యాయమూర్తి విచక్షణ.

== 32-ఎ ప్రభావం ==

సాధారణ ఖైదీకి సత్ప్రవర్తన వలన శిక్షలో కొన్ని రోజులు తగ్గుతాయి. ఈ చట్టం క్రింది ఖైదీకి ఆ సౌకర్యం లేదు. హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడినవాడు సాధారణంగా 14 ఏళ్ళ తరువాత ముందస్తు విడుదలకు పరిశీలనార్హుడు. వాణిజ్య పరిమాణంలో గంజాయి రవాణా చేసి 20 ఏళ్ళ శిక్ష పొందినవాడికి అటువంటి తగ్గింపు లేదు. అయితే విచారణ ఖైదీగా గడిపిన కాలం మాత్రం శిక్షలో జమ అవుతుంది.

== మిగిలిన మార్గాలు ==

దాదూ అలియాస్ తులసీదాస్ కేసులో (2000) సుప్రీంకోర్టు 32-ఎ సెక్షన్‌ను పాక్షికంగా కొట్టివేసింది. ఈ తీర్పు దరిమిలా ఖైదీకి ఉన్న మార్గాలు ఇవి:

* '''శిక్ష నిలుపుదల:''' అప్పీలు విచారణలో ఉండగా పై కోర్టు శిక్షను నిలిపివేయవచ్చు. వాణిజ్య పరిమాణం కేసులలో 37వ సెక్షన్‌లోని కఠిన షరతులు వర్తిస్తాయి. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని, బెయిలుపై ఉండగా నేరానికి పాల్పడడని కోర్టు భావించాలి.
* '''పెరోల్:''' పెరోల్ శిక్ష నిలుపుదల కాదు గనుక 32-ఎ దానికి అడ్డు రాదు. కారాగార నియమాలకు లోబడి అధికారులు మంజూరు చేయవచ్చు. ఇది తాత్కాలికమే.
* '''క్షమాభిక్ష:''' రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల క్రింద రాష్ట్రపతికి, గవర్నరుకు గల అధికారాలను సాధారణ చట్టం హరించజాలదని మారూరామ్ కేసులో (1980) సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పీలు ముగిసిన ఖైదీకి మరణాంతక వ్యాధి సోకినా, ఇంటికి శాశ్వతంగా చేరడానికి ఆచరణలో క్షమాభిక్ష ఒక్కటే ముఖ్యమైన దారిగా మిగులుతుంది.

== ఇతర దేశాలలో ==

అమెరికాలో ఫెడరల్ ఖైదీలు అసాధారణమైన, బలమైన కారణాలు చూపి శిక్ష తగ్గింపు కోరవచ్చు. పూర్వం కారాగార శాఖ మాత్రమే కోర్టును ఆశ్రయించగలిగేది. 2018 నాటి ఫస్ట్ స్టెప్ చట్టం తరువాత, కారాగార అధికారికి దరఖాస్తు చేసిన 30 రోజులకు ఖైదీయే స్వయంగా కోర్టుకు వెళ్ళవచ్చు. మాదకద్రవ్యాల ఖైదీలకు కూడా ఈ హక్కు ఉన్నది.

== ఇవి కూడా చూడండి ==

* క్షమాభిక్ష
* పెరోల్
* గంజాయి