టర్బో ఇంజిన్‌కు సిలికోన్ గాలి గొట్టాలు

టర్బో ఇంజిన్‌లో గాలి రెండు మజిలీలుగా ప్రయాణిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బో కంప్రెసర్ దాకా మొదటిది; కంప్రెసర్ నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా థ్రాటిల్ బాడీ దాకా రెండోది. ఈ దారిలో కంపెనీ అమర్చిన ప్లాస్టిక్, రబ్బరు గొట్టాలను తీసేసి, విడిగా అమ్మే సిలికోన్ గొట్టాలు బిగించడం కారు ప్రియుల్లో బాగా వాడుకలో ఉన్న మార్పు. రెండు మజిలీలకూ ఒకే రంగు, ఒకే మెరుపు ఉన్న గొట్టాలే దొరుకుతాయి గాని, వాటి మీద పడే భారం పూర్తిగా వేరు. మొదటిది లోపలికి నొక్కుకుపోకూడదు. రెండోది ఉబ్బకూడదు, ఊడిపోకూడదు. ఈ తేడా తెలుసుకుని ఎంచుకుంటేనే పెట్టిన డబ్బుకు ఫలితం.

సిలికోన్ గుణాలు

మామూలు రబ్బరుకు కార్బన్ గొలుసు వెన్నెముక. సిలికోన్ రబ్బరులో ఆ స్థానంలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని ఉంటాయి. ఆ బంధం వేడికి తొందరగా తెగదు. 1940లలో అమెరికాలో డౌ కార్నింగ్, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలు దీన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చాయి. మంచి సిలికోన్ గొట్టం సున్నాకు 50 డిగ్రీలు దిగువ నుంచి 180 డిగ్రీల సెల్సియస్ దాకా మెత్తదనం పోకుండా పనిచేస్తుంది.

ఆ సామర్థ్యం అనవసరమేమీ కాదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. రామగుండం, రెంటచింతల వేసవిలో బయట 40 డిగ్రీలు ఉందనుకుందాం. 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ ఆ గాలిని 1 బార్ బూస్ట్‌కు, అంటే బయటి పీడనం కన్నా 1 బార్ ఎక్కువకు నొక్కితే, బయటికి వచ్చేసరికి అది దాదాపు 138 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్‌కు ముందున్న గొట్టం ఈ వేడినంతా భరించాలి. ఏళ్లు గడిచేకొద్దీ మామూలు రబ్బరు గట్టిపడి, వంపుల దగ్గర పగుళ్లిచ్చేది ఇందుకే.

సిలికోన్‌కు ఒంటరిగా బలం తక్కువ. అందుకే మూడు నుంచి ఐదు పొరల పాలియెస్టర్ గుడ్డను మధ్యలో చుట్టి అచ్చు పోస్తారు. ఎక్కువ వేడి తగిలే చోటికి అరామిడ్ గుడ్డ వాడతారు. గుడ్డ పొరలు సరిగా లేని చౌక గొట్టం చేతికి మెత్తగా, బాగానే అనిపిస్తుంది. బూస్ట్ ఎక్కినప్పుడు మాత్రం ఉబ్బుతుంది.

దీని అసలు బలహీనత నూనె. ఇంజిన్ బ్రీతర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఎయిర్ గొట్టంలోకే చేరుతుంది. మామూలు సిలికోన్ ఆ నూనెను పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, పొరలుగా విడిపోతుంది. లోపల ఫ్లోరోసిలికోన్ పూత ఉన్న గొట్టం దీన్ని తట్టుకుంటుంది. రంగు గురించి అడగడానికి ముందు ఈ పూత ఉందో లేదో అడగడం మేలు. ముఖ్యంగా డీజిల్ కార్లకు ఇది తప్పనిసరి అనే చెప్పాలి.

టర్బోకు ముందు

2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతూ 1 బార్ బూస్ట్ మీద ఉంటే, లెక్క ప్రకారం సెకనుకు 200 లీటర్ల దాకా గాలి పీలుస్తుంది. అంత జోరుగా లాగినప్పుడు గొట్టం లోపల పీడనం బయటికన్నా తగ్గుతుంది. కొబ్బరిబొండంలో పెట్టిన స్ట్రాను గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోయినట్టే, ఆసరా లేని మెత్తటి గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోతుంది. దీన్ని ఆపడానికి గోడలో స్టీలు తీగను చుట్లుగా పొదుగుతారు. తీగ లేని పొడవాటి గొట్టాన్ని ఈ వైపున వాడకూడదు.

ఇక పవర్ విషయం. కంప్రెసర్ ముందు పీడనం 1.00 బార్ నుంచి 0.95కి పడిపోతే, అవతల 2 బార్ల మొత్తం పీడనం ఇవ్వడానికి అది 2 రెట్లకు బదులు 2.1 రెట్లు నొక్కాలి. అంటే ఎక్కువ వేగం, ఎక్కువ వేడి. వెడల్పుగా, ముడతలు లేకుండా ఉన్న గొట్టం ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. టర్బో పెద్దదైతే, ట్యూనింగ్ కూడా మారితే తేడా బాగానే తెలుస్తుంది. అన్నీ కంపెనీవే ఉన్న కారులో లాభం స్వల్పమే. సిలికోన్ వల్ల గాలి చల్లగా ఉంటుందన్న ప్రచారంలో కూడా పెద్దగా పస లేదు. 70 మిల్లీమీటర్ల వ్యాసం, అర మీటరు పొడవు ఉన్న గొట్టాన్ని ఆ 200 లీటర్ల ప్రవాహం సెకనులో నూరో వంతులో దాటేస్తుంది. గోడ నుంచి వేడి పుచ్చుకునే వ్యవధి ఎక్కడిది?

టర్బో తర్వాత

ఈ వైపున గొట్టం పగలడం అరుదు. అతుకు దగ్గర ఊడిపోవడమే ఎక్కువ. 63 మిల్లీమీటర్ల గొట్టం వంపు తిరిగే చోట 1 బార్ బూస్ట్ దాన్ని దాదాపు 32 కిలోల బలంతో బయటికి నెడుతుంది. ఆ బలాన్ని ఆపేవి రెండే: లోహపు పైపు చివర ఉబ్బెత్తుగా తీర్చిన అంచు, దాని వెనక బిగించిన క్లాంప్. క్లాంప్ అంచు మీద కూర్చుంటే బిగుతు దక్కదు. గొట్టం చివరకు మరీ దగ్గరగా ఉంటే జారిపోతుంది. పట్టీలో గాళ్లు కోసి ఉండే మామూలు స్క్రూ క్లాంప్ సిలికోన్‌ను కోసేస్తుంది. నున్నటి పట్టీ ఉన్న టీ-బోల్ట్ క్లాంప్ గాని, వేడికి వ్యాకోచించినా పట్టు వదలని స్ప్రింగు క్లాంప్ గాని మేలు.

బిగించేటప్పుడు జారడానికి గ్రీజు, ఆయిల్ పూయడం షెడ్లలో చూస్తుంటాం. అది ఆరదు, మొదటి గట్టి బూస్ట్‌కే గొట్టం ఊడి వస్తుంది. పైపునూ గొట్టాన్నీ స్పిరిట్‌తో తుడిచి, అవసరమైతే కాసిన్ని సబ్బునీళ్లు రాస్తే చాలు.

ఇంప్రెజాలో బిగించే తీరు

ఈ పని కష్టమేమిటో సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ బాగా చూపిస్తుంది. 1992లో జపాన్‌లో వచ్చిన ఈ కారులో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్ ఉంటుంది. సుబారు ఈజే తరం ఇంజిన్లలో టర్బో వెనక కుడి మూలన, ఇంటర్‌కూలర్ ఇంజిన్ నెత్తిన ఉంటాయి. ఎయిర్ గొట్టం మాత్రం ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, ఇరుకులో నుంచి పాక్కుంటూ వెళ్తుంది. పాతబడిన కంపెనీ గొట్టాన్ని ఊడదీసేటప్పుడే అది పగులుతుంది. సిలికోన్‌కు మారేవారిలో చాలామందికి అసలు కారణం అదే.

ముందుగా ఇంజిన్ చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి, ఇంధన లైనులో పీడనం వదిలించాలి. ఇంటర్‌కూలర్ తీశాక మానిఫోల్డ్ బోల్టులు విప్పి దాన్ని పైకెత్తుతారు. ఎత్తకుండానే గొట్టాన్ని మెలితిప్పి దూర్చేవారున్నారు. అలా చేస్తే గోడలోని స్టీలు తీగ వంగి గొట్టం అక్కడే ముడుచుకుపోవచ్చు, పైగా టర్బో దగ్గరి అతుకు కంటికి కనపడదు. కాస్త సమయం పట్టినా మానిఫోల్డ్ ఎత్తి, కొత్త గ్యాస్కెట్లు వేయడమే సరైన పద్ధతి. టర్బో నోరు తెరుచుకున్న క్షణం నుంచి అందులో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచాలి. కంప్రెసర్ చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. చిన్న నట్టు పడినా రెక్కలు ముక్కలవుతాయి.

ఆ గొట్టానికి ప్రధాన దారి కాక చిన్న చెవులు కూడా ఉంటాయి: బ్రీతర్, బైపాస్ వాల్వ్, బూస్ట్ సొలినాయిడ్ గొట్టాలకు. పాతది తీసే ముందు ఏది ఎక్కడికి వెళ్తుందో ఫొటో తీసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు. మానిఫోల్డ్ దించేటప్పుడు కింద బ్లాకు మీదున్న నాక్ సెన్సర్ వైరు నలగకుండా చూడాలి.

లీకులు, కొలతలు

ఇంజిన్‌లోకి ఎంత గాలి వస్తోందో ఫిల్టర్ పక్కనున్న ఎమ్‌ఏఎఫ్ సెన్సర్ కొలిచి చెబితే, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరైన ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. సెన్సర్‌కూ టర్బోకూ మధ్య లీకుంటే లెక్కలోకి రాని గాలి చేరి మిశ్రమం పలచబడుతుంది. ఫిల్టర్ దాటని దుమ్ము కంప్రెసర్ రెక్కలను అరగదీస్తుంది. టర్బో తర్వాత లీకైతే లెక్కించిన గాలి బయటికి పోయి మిశ్రమం చిక్కబడుతుంది. డీజిల్ బండిలో పవర్ తగ్గి నల్లపొగ వచ్చిందంటే అనుభవమున్న మెకానిక్ ముందు ఇంటర్‌కూలర్ పైపునే తడిమి చూస్తాడు.

సెన్సర్ కూర్చునే పైపును మాత్రం మార్చకూడదు. దాని వ్యాసం 65 నుంచి 70 మిల్లీమీటర్లయితే వైశాల్యం 16 శాతం పెరుగుతుంది. సెన్సర్ చెప్పే లెక్క ఆ మేరకు తప్పుతుంది, మళ్లీ ట్యూన్ చేయక తప్పదు.

పని ముగిశాక పొగ పరీక్ష చేయించడం ఉత్తమం. లేదంటే గొట్టం మొదలు మూసి, బ్రీతర్ దారి కట్టేసి, మెల్లగా గాలి ఎక్కించి అతుకుల మీద సబ్బునీళ్లు చల్లినా బుడగలు లీకును పట్టిస్తాయి. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక సిలికోన్ కొంచెం నొక్కుకుని క్లాంపులు వదులవుతాయి. మళ్లీ ఒకసారి బిగించాలి.

చట్టం

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యే మార్పులను నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలాంటి ఇన్‌టేక్ భాగాలకు అక్కడి వాయు వనరుల మండలి ఇచ్చే మినహాయింపు నంబరు ఉండాలి. కారు వారంటీలో ఉంటే, గొట్టం మార్చే ముందు షరతులు చదువుకుని, తీసిన పాత గొట్టాన్ని దాచిపెట్టుకోవాలి.