గోష్త్ మీది, హడ్డీ మాది

మా అబ్బా నన్ను మక్తబ్‌లో కూర్చోబెట్టిన రోజు ఉస్తాద్ గారితో అన్న మాట ఒక్కటే. "గోష్త్ ఆప్ కా, హడ్డీ హమారీ." కండ మీది, ఎముక మాది. కొట్టండి, తిట్టండి, మనిషిని చేసి పంపండి, మేం అడగం అని అర్థం. ఉస్తాద్ గారు ఆ మాటని కొంచెం ఎక్కువే సీరియస్‌గా తీసుకున్నారు. చింత బరికె గుర్తులు మోకాళ్ళ కింద చాలా రోజులే ఉన్నాయి.

అదే అబ్బా కొడుకుని నేను, పోయిన రంజాన్‌కి ముందు వారం, రాత్రి పదిన్నరకి మా బేటీ క్లాస్ టీచర్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాను. నోట్‌బుక్‌లో ఒక పేజీ అంతా ఎర్ర ఇంకుతో కొట్టేసిందని. "ఫీజు ఊరికే కడుతున్నామా మేడమ్" అని కూడా అన్నాను. పక్క గదిలోంచి అమ్మీ విన్నది. "ఉస్తానీ సే ఐసా బాత్ కర్తే క్యా రే?" అంది. అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనసు బాగోనప్పుడు నేను చేసే పని పాత కితాబులు తిరగేయడం. అలా తిరగేసినవే ఇవి.

మొదట మన ఏలూరు. జాఫర్ షరీఫ్ అనే ఆయన ఆ ఊరివాడు. మద్రాసులో పనిచేసిన హెర్క్‌లాట్స్ అనే డాక్టర్ అడిగితే, దక్కనీ ముసల్మానుల పుట్టుక నుంచి చావు దాకా ఉన్న రస్మ్ రివాజులన్నీ రాసిపెట్టాడు. అదే 'ఖానూనె ఇస్లాం'. 1832లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయింది. మన ఇళ్ళల్లో దాదీలు చెప్పే సంగతులు చాలావరకు అందులో దొరుకుతాయి. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి పిల్లకి బిస్మిల్లా చదివించడం. పండగలకి ఉస్తాద్ రంగు కాగితం మీద నాలుగు పంక్తుల ఈదీ రాసి పిల్లవాడి చేతికిస్తే, వాడు ఇంట్లో చదివి వినిపించడం, వాల్దైన్ ఉస్తాద్‌కి పైకం పంపడం. ఖురాన్ పూర్తయితే బంధువులందరినీ పిలిచి ఉస్తాద్‌కి బట్టలు, డబ్బు హదియాగా ఇవ్వడం.

నాకు ఇందులో నచ్చింది ఆ ఈదీ కాగితం. పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో ఇంట్లో అందరూ కూర్చుని వినాలి, విన్నాకే పైసా. తాలీమ్‌ని చెవులతో విని ఇచ్చే తన్ఖా అది. మనం ఇప్పుడు యాప్‌లో ఫీజు కట్టి, మార్కులు కూడా యాప్‌లోనే చూస్తున్నాం.

అయితే పాత జమానా అంతా బంగారం అని నేను చెప్పను. హదియా మీద బతికే ఉస్తాద్ అంటే, ఇంటివాళ్ళ దయ మీద బతికే ఉస్తాద్ అనే. ఖురాన్ నేర్పినందుకు కూలి తీసుకోవచ్చా అని మన ఉలమాలే చాలా కాలం వాదించుకున్నారు. తొలి హనఫీ ఫఖీహులు కూడదన్నారు. తర్వాతి వాళ్ళు, ఇలాగైతే నేర్పేవాళ్ళే మిగలరని చూసి, తీసుకోవచ్చు అన్నారు. ఇజ్జత్ ఒక్కటే ఇస్తే కడుపు నిండదని ఫిఖా కితాబులకీ తెలుసు.

మరి గోష్త్, హడ్డీ మాట? ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన 'ముఖద్దిమా'లో పిల్లల మీద కాఠిన్యం గురించి ఒక అధ్యాయమే పెట్టాడు. కొట్టి పెంచిన పిల్లవాడు అబద్ధం, మోసం నేర్చుకుంటాడని, కొట్టబోయే చేతిని చూసి లోపలొకటి బయటొకటి అవుతాడని అంటాడు. అక్కడే ఖలీఫా హారూన్ రషీద్ సంగతి చెబుతాడు. కొడుకు అమీన్‌ని ఉస్తాద్‌కి అప్పగిస్తూ ఆయన చెప్పిందేమంటే, వీడికి ఖురాన్, కవిత్వం, చరిత్ర నేర్పండి, ప్రతి గంటా ఏదో ఒక లాభం ఉండాలి, కానీ మనసు చంపేంత దుఃఖపెట్టకండి, ఖాళీ రుచి మరిగేంత వదిలేయకండి, వీలైనంతవరకు దగ్గరితనంతో దిద్దండి, వినకపోతేనే గట్టిగా ఉండండి అని. ఖలీఫా అయ్యుండీ ఉస్తాద్‌తో కూర్చుని తన బిడ్డ గురించి మాట్లాడాడు. మా అబ్బా ఎముకలు తనకి ఉంచుకుని వెళ్ళిపోయాడు, నేను అర్ధరాత్రి గొంతు పెంచాను. ఇద్దరం కూర్చుని మాట్లాడలేదు.

ఇక పాలిచ్చి పెంచిన వాళ్ళ సంగతి. తెలుగులో అన్న అంటే పెద్ద సోదరుడు గానీ, హైదరాబాదు పాత దేవ్‌డీలలో అన్నా అంటే పాలిచ్చే దాయీ. పేరు వింటే నవ్వొస్తుంది, సంగతి నవ్వేది కాదు. మన నబీ (స) పాలిచ్చిన హలీమా సాదియా వస్తే తన చాదర్ పరిచి కూర్చోబెట్టారని సీరత్ కితాబులు చెబుతాయి. అక్బర్ బాద్‌షా తన అంగా జీజీ అంగా చనిపోతే జనాజాకి భుజం పట్టి, తల, మీసం గొరిగించుకున్నాడు. ఆమె కొడుకు అజీజ్ కోకా ఎంత ఎదురు తిరిగినా దూద్ భాయ్ అని వదిలేసేవాడు.

కానీ ఒకటి అడగాలి. అన్నా నవాబు బిడ్డకి పాలిస్తున్నప్పుడు ఆమె సొంత బిడ్డ ఎవరి పాలు తాగింది? నేను చదివిన కితాబుల్లో జవాబు కనబడలేదు. సూరా బఖరాలో మాత్రం బిడ్డకి వేరే స్త్రీతో పాలిప్పిస్తే ఆమెకి ఇవ్వాల్సింది రివాజు ప్రకారం ఇచ్చెయ్యమని ఉంది. అది ఖైరాత్ కాదు, హక్.

ఆ హక్ కోసమే 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అమ్మలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి వర్కర్ గౌరవ వేతనం 11,500, ఆయాది 7,000. గౌరవ వేతనం! మన వాళ్ళు పేర్లు పెట్టడంలో ఉస్తాదులు. గ్రాట్యుటీకి వాళ్ళు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పినా, రోడ్డెక్కిన వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. నేను ఆ సమ్మె వార్తలు రాశాను. రాస్తున్నన్నాళ్ళు మా గల్లీలోని అంగన్‌వాడీలో పిల్లల ముక్కు తుడిచే మనిషి పేరేంటో కనుక్కోలేదు.

శనివారం బడికి వెళ్ళాను. మేడమ్‌కి మాఫీ చెప్పాను. ఆమె నోట్‌బుక్ తీసి ఆ ఎర్ర పేజీ చూపించింది. మా బేటీ పక్కమ్మాయి లెక్కలన్నీ అచ్చు గుద్దినట్టు ఎక్కించింది, ఆ అమ్మాయి చేసిన తప్పులతో సహా. పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకున్నాం. అంతకు ముందు రెండేళ్ళలో ఆమెతో అంతసేపు మాట్లాడింది లేదు.

ఈద్ మర్నాడు అమ్మీ షీర్ ఖుర్మా రెండు డబ్బాల్లో కట్టి పిల్ల బ్యాగులో పెట్టింది. ఒకటి ఉస్తానీకి అని తెలుసు. రెండోది ఎవరికి అని అడిగాను. అమ్మీ నావైపు అదోలా చూసింది.

"పొద్దున బాత్రూమ్‌కి తీసుకుపోయేది ఎవరు రా దీన్ని? ఆయమ్మకి."