వారసత్వమూ సాక్ష్యమూ: మార్మన్ చరిత్రలో ఒక వివాదం

1978 డిసెంబరులో ఎడ్విన్ ధర్మరాజు దంపతులు సమోవా దీవుల నుండి హైదరాబాదు వచ్చినారు. వారి ప్రబోధం వలన 22 మంది బంధువులు బాప్తిస్మం పొందినారు. తెలుగునాట మార్మన్ సంఘానికి అది నాంది. పలు స్థానిక సంఘాలు కలిసిన మండలికి ఆ మతంలో ‘స్టేక్’ అని పేరు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012 మే 27న హైదరాబాదులోనే ఏర్పడినది. ఈ విశ్వాసం తెలుగువారికి అందినది సాల్ట్‌లేక్ నగరం కేంద్రంగా గల శాఖ ద్వారా. అందుచేత దాని పూర్వచరిత్ర కూడ జోసెఫ్ స్మిత్ నుండి బ్రిగం యంగ్‌కు, అతని నుండి తరువాతి అధ్యక్షులకు సాగిన ఏకధారగానే ఇచ్చటికి చేరినది. కాని ఆ ధార తొలినాళ్లలోనే పలు పాయలుగా చీలినది.

స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో సంఘాన్ని స్థాపించినాడు. 1844 జూన్ 27న ఇల్లినాయి రాష్ట్రంలోని కార్తేజ్ కారాగారంపై సాయుధులైన మూక దాడి చేసి, అతనిని, అన్న హైరంను కాల్చి చంపినది. తన అనంతరం అధికారం ఎవరిదో అందరూ అంగీకరించు రీతిని అతడు నిర్ణయించి పోలేదు. ఆగస్టు 8న నావూ పట్టణంలో సభ జరిగినది. స్మిత్‌కు సలహాదారుగా ఉండిన సిడ్నీ రిగ్డన్ సంఘానికి తానే సంరక్షకుడనన్నాడు. అధికారం పన్నిద్దరు అపొస్తలుల మండలిదని యంగ్ వాదించినాడు. సభ అధికసంఖ్యతో మండలి పక్షం వహించినది.

ఆనాడు యంగ్ మాటలాడుచుండగా అతని రూపమూ కంఠమూ స్మిత్‌వే అయినవని సంప్రదాయం చెప్పుచున్నది. అట్లు తాము చూచితిమని చెప్పినవారు అనేకులు. అయితే ఆ కథనాలలో అధికభాగం ఏండ్లు, దశాబ్దాలు గడచిన పిదప వ్రాయబడినవి. వాటిని అబద్ధములని త్రోసివేయుట న్యాయం కాదు. దిక్కులేని సమూహం తన నాయకుని ఏవిధంగా గుర్తించుకొన్నదో అవి చెప్పును. ఆ క్షణాన ఏమి జరిగినదో మాత్రం అవి అంత నిశ్చయంగా చెప్పజాలవు.

జేమ్స్ స్ట్రాంగ్ చేతిలో స్మృతికి బదులు పత్రమే ఉన్నది. తనను వారసునిగా నియమించుచు స్మిత్ 1844 జూన్ 18న లేఖ వ్రాసినాడని అతడు ప్రకటించినాడు. ఆ లేఖ యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నది. సంతకం స్మిత్‌ది కాదని పరిశీలకులు తేల్చినారు. అయినను వందలాది జనం స్ట్రాంగ్‌ను నమ్మి వెంట నడచినారు.

స్మిత్ భార్య ఎమ్మా యంగ్‌తో పడమటికి పోక నావూలోనే నిలిచిపోయినది. ఆమె కుమారుడు మూడవ జోసెఫ్ స్మిత్ 1860 ఏప్రిల్ 6న వేరొక శాఖకు అధ్యక్షుడైనాడు. తన తండ్రి బహుభార్యాత్వం ఆచరించలేదని అతడు జీవితాంతం వాదించినాడు. ఆ వాదమును ఎదుర్కొనుటకు 1869లో యూటాలో స్త్రీల ప్రమాణ పత్రాలు సేకరించినారు. పాతికేండ్లు ఎవరూ అడుగని మాటను ఆ స్త్రీలు చెప్పినది ప్రతిపక్షికి సమాధానం కావలసివచ్చినప్పుడే. ఇచ్చట ఆలస్యమైన సాక్ష్యమే సత్యానికి చేరువగా ఉన్నది: స్మిత్ బహువివాహాలను సాల్ట్‌లేక్ సంఘం 2014లో తన వ్యాసాలలో విపులంగా చర్చించి అంగీకరించినది.

దీనికి విపరీతమైన ఉదాహరణ 1981లో వచ్చినది. స్మిత్ తన కుమారునికి వారసత్వం ప్రసాదించినట్లు 1844 జనవరి 17 నాటి ఆశీర్వచన పత్రం ఒకటి మార్క్ హాఫ్‌మన్ వెలికి తెచ్చినాడు. రెండు శాఖల వారూ దానిని నిజమని గైకొన్నారు. అది హాఫ్‌మన్ స్వయంగా సృష్టించినది! తన గుట్టు బయటపడునన్న భయంతో 1985 అక్టోబరులో అతడు బాంబులతో ఇద్దరి ప్రాణాలు తీసినాడు. కృత్రిమంగా ముదిపించిన సిరాలోని పగుళ్లు అతనిని పట్టి ఇచ్చినవి. 1987లో నేరం అంగీకరించి యావజ్జీవ కారాగారానికి పోయినాడు.

కాబట్టి ఆలస్యంగా వ్రాయబడినంత మాత్రాన సాక్ష్యం అసత్యం కాదు. పాత తేదీ ఉన్నంత మాత్రాన పత్రం సత్యం కాదు. ఎవరు, ఎప్పుడు, ఏ అవసరానికి వ్రాసినారన్నదే మొదట అడుగవలసిన ప్రశ్న. పోతన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా అని తగవులాడిన తెలుగు సాహిత్య లోకానికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన చాటుకథలకూ, కైఫీయతులకూ కూడ ఇదే గీటురాయి.

హైదరాబాదులోని విశ్వాసికి ఈ పాయల చరిత్ర తెలిసినంత మాత్రాన విశ్వాసం సడలనక్కరలేదు. విశ్వాసం అతని స్వవిషయం. కాని ఓడిన పక్షాల మాట కూడ తెలుగులో వినబడిననాడే అతడు తనకు సంక్రమించిన చరిత్రకు నిజమైన వారసుడగును.