మానవశాస్త్ర పట్టభద్రులు - వారి జీవనోపాధి

మన దేశమున మానవశాస్త్రము జీతము లేని పనిగా ఆరంభమైనది. 1902లో కొచ్చిన్ సంస్థానము తన రాజ్యమందలి కులములను, తెగలను గూర్చి వివరములు సేకరింప సంకల్పించి, ఉపాధ్యాయుడైన ఎల్. కె. అనంతకృష్ణ అయ్యరునకు ఆ పని నప్పగించెను. సూపరింటెండెంటు అను బిరుదు లభించినది గాని దానికి వేతనము లేదు. పాఠములు చెప్పి కుటుంబమును పోషించుకొనుచు, తీరిక దొరకినపుడెల్ల ఆయన జరిపిన పరిశోధన 1909, 1912 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడెను. ఆ 1909లోనే చెన్నపట్టణమున ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులములపై ఏడు సంపుటములు ప్రకటించెను. ఆయన మ్యూజియము సూపరింటెండెంటుగా పనిచేసినవాడు. బిరుదు ఒక్కటియే, జీతము మాత్రము ఒక్కరికే! రాంచీలో శరత్ చంద్ర రాయ్ న్యాయవాద వృత్తితో జీవించుచునే ముండాలను గూర్చి గ్రంథము వ్రాసి, 1921లో ఒక పరిశోధన పత్రికను స్థాపించెను.

1920లో కలకత్తా విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర శాఖ ఏర్పడగా, అరువదేండ్లు సమీపించిన అయ్యరు అచట అధ్యాపకుడయ్యెను. ఆయనకు ఆ శాస్త్రమున పట్టము లేదు. ఆయన శిష్యులకు పట్టములు వచ్చినవి గాని ఉద్యోగములు స్వల్పము. హార్వర్డులో డాక్టరేటు పొందిన బి. ఎస్. గుహ సైతము 1927లో జంతుశాస్త్ర సర్వేలోనే చేరవలసివచ్చెను. 1945 డిసెంబరులో ఆయన ప్రథమాధిపతిగా భారత మానవశాస్త్ర సర్వే ప్రత్యేకముగా వెలసిన పిమ్మటనే ఈ విద్యకు ప్రభుత్వ కొలువున స్వంత స్థానము లభించెను.

తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమును బోధించుచున్నది. 1963లో హైదరాబాదున గిరిజన పరిశోధన సంస్థ వెలసెను. ఆరోగ్య సర్వేలు, స్వచ్ఛంద సంస్థలు కొందరికి ఆశ్రయమిచ్చుచున్నవి.

అయినను నేడు ఈ విద్యకు గల గిరాకిలో అధికభాగము సివిల్ సర్వీసు పరీక్షలో ఐచ్ఛిక విషయమగుట వలన కలిగినదే. ఇంజనీర్లు, వైద్యులు సైతము దీనిని చదువుచున్నారు. 2016 నుండి అమలైన వేతన శ్రేణులలో ఐ.ఏ.ఎస్. అధికారి ప్రారంభ మూలవేతనము 56,100 రూపాయలు. విశ్వవిద్యాలయ సహాయాచార్యునిది 57,700. అంకెలలో ఆచార్యుడే అధికుడు! కాని ఆచార్య పదవులు ఖాళీ యగుట అరుదు. ఖాళీ యైనవి నిండుట మరియు అరుదు. ఉట్నూరు, పాడేరులందలి గిరిజనాభివృద్ధి సంస్థలకు ప్రాజెక్టు అధికారిగా వచ్చువారు ఏ శాస్త్రము చదివినవారైనను కావచ్చును. గోండుల బంధుత్వ వ్యవస్థను ఏండ్ల తరబడి అధ్యయనము చేసిన పట్టభద్రుడు మాత్రము ఆ కుర్చీకై మరల పోటీపరీక్ష వ్రాయవలసినదే.