పశ్చిమ ప్రకాశంలో భూగర్భజల సమాచారం

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లోనూ, వాటికి తూర్పునున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లోనూ భూగర్భజలాలపై ప్రభుత్వ శాఖలు, పరిశోధకులు, రైతులు సేకరించిన లెక్కలు, వాటి చుట్టూ ఏర్పడిన విధానాలు ఈ వ్యాసంలోని విషయం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు మొదటి మూడూ కర్నూలు జిల్లాలో, తక్కినవి నెల్లూరు జిల్లాలో ఉండేవి.

నల్లమల తూర్పు అంచున ఉన్న ఈ నేల అడుగున చాలాచోట్ల పలకరాయి, దానికి సోదరులైన గట్టి రాళ్లు పరుచుకుని ఉంటాయి. దేశంలోని బడిపిల్లలకు మార్కాపురం పలకలు అందించిన రాయి ఇదే. ఇది నీటిని తనలో దాచుకోదు. పగుళ్లలో చేరిన నీరే బోర్లకు ఆధారం కనుక పక్కపక్క పొలాల్లోనే ఒక బోరు పోస్తుంది, మరొకటి ఎండుతుంది. తూర్పున పొదిలి, కనిగిరి వైపు గ్రానైటు జాతి రాళ్లు ఎక్కువ. అక్కడ నీటి కొరతతోపాటు ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది.

ఆ బాధను వైద్యశాస్త్రానికి తెలియజేసిన తొలి నివేదిక 1937లో వెలువడింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన రోగులను పరీక్షించి, తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని రాశారు. దేశవ్యాప్త ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మాత్రం 2008-09లో గానీ మొదలుకాలేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేనిచోట 1.5 వరకు ఫరవాలేదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

నీటి పరిమాణం విషయంలో ఇక్కడ జరిగిన ప్రయోగం ఇంతకంటే ఆసక్తికరం. నెదర్లాండ్స్ సాయంతో నడిచిన ఏపీవెల్ పథకానికి కొనసాగింపుగా 2003లో ఏపీఫామ్స్ అనే రైతుల భూగర్భజల యాజమాన్య పథకం వచ్చింది. తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దాన్ని నడిపింది. ప్రకాశంతో కలిపి కరువు పీడిత జిల్లాలు ఏడింటిలో ఇది సాగింది. ఒక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ ఒక యూనిట్. రైతులే, ఆడా మగా, రోజూ వాన కొలిచేవారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూసేవారు, ఊరి గోడమీద అంకెలు రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, నేలలోకి ఎంత నీరు ఇంకింది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసుకునేవారు. లోటు తేలితే వరి తగ్గించమనే ఆజ్ఞ లేదు, తగ్గించినందుకు సబ్సిడీ కూడా లేదు. ఏ పంట వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ పద్ధతిని మెచ్చుకుంది. 2012లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ (ఐడబ్ల్యూఎంఐ)-టాటా కార్యక్రమం తరఫున వచ్చిన పరిశీలన పథకం ఫలితాలను ప్రశ్నించింది. 2014లో పరిశోధకుడు వి. రత్నారెడ్డి బృందం రాష్ట్రంలోని మూడు భూగర్భజల యాజమాన్య నమూనాలను పోల్చి, తెలివిడి ఒక్కటే చాలదని, నీటిని పంచుకునే కట్టుబాట్లు, ప్రభుత్వ విధానం తోడు కావాలని తేల్చింది. ఈ మాటే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. గోడమీది అంకె పొదుపు చేయమంటుంటే, 2004 నుంచి వ్యవసాయానికి ఇస్తున్న ఉచిత కరెంటు మోటారు ఆపాల్సిన అవసరమే లేదంటోంది. బోర్లకు అనుమతి తప్పనిసరి చేసిన 2002 నాటి వాల్టా చట్టమూ ఉంది. కానీ కొత్త బోరును ఆపడం వేరు, ఉన్న బోరు ఎంత తోడుతుందో చూడడం వేరు.

ప్రభుత్వ లెక్క వేరే కొలతతో నడుస్తుంది. ఏటా చేరే నీటిలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 100 దాటితే మితిమీరిన వాడకం అని కేంద్ర భూగర్భజల మండలి వర్గీకరిస్తుంది. రాష్ట్రంలో ఈ అంచనాకు యూనిట్ మండలం. భూగర్భ నీటిమట్టం కొలిచే పీజోమీటర్ల రీడింగులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అయితే మండల సగటు చూసి ఏ రైతూ తన పగులురాతి బోరు గురించి నిర్ణయం తీసుకోలేడు. వాగు యూనిట్‌గా వేసిన పాత బడ్జెట్‌కు ఉన్న బలం అదే.

ఈ లెక్కలన్నిటినీ మార్చగలిగేది 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమల కింది జంట సొరంగాల గుండా మళ్లించి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసం పూర్తికాలేదు, ప్రాజెక్టు జలాశయమైన నల్లమల సాగర్‌లోకి నీరు చేరలేదు.