పెరటి గొళ్ళెం

1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు ఒక కోడి వచ్చింది. దాని ఒంటి మీద పెద్ద కంతి. పేటన్ రౌస్ ఆ కంతిని నూరి, కణాలు దూరలేనంత సన్నటి వడపోతలో వడగట్టి, ఆ రసాన్ని మరో కోడికి ఎక్కించారు. దానికీ కంతి లేచింది. ఈ సంగతి 1911లో అచ్చయినా నమ్మినవాళ్ళు తక్కువే. రౌస్‌కు నోబెల్ దక్కింది 1966లో. మన ఒంటి కాపలా కణాల కథకు ఆ కోడే మొదలు.

ఆ రసంలో ఉన్నది ఒక వైరస్. అది మోసుకొచ్చిన ఎంజైము పేరు సార్క్. ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం దాని పని. ఎక్కడ తగిలిస్తుందో తెలియడానికి టోనీ హంటర్ కావలసివచ్చారు. 1979లో సాల్క్ సంస్థలో వైరస్ ప్రొటీన్ల మీద పనిచేస్తూ, కొత్త ద్రావణం కలుపుకునే ఓపిక లేక ఆయన పాతదే మళ్ళీ మళ్ళీ వాడారు. అది నిలవుండి 1.9 ఉండవలసిన పీహెచ్ 1.7కి దిగింది. మామూలుగా అంటుకుపోయి ఒకే మచ్చగా కనిపించే, ఫాస్ఫేట్ తగిలిన అమైనో ఆమ్లాలు రెండు మచ్చలుగా విడిపోయాయి. రెండో మచ్చ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద కూర్చున్న ఫాస్ఫేట్. సార్క్ చేసే పనీ అదేనని త్వరలోనే తేలింది. బద్ధకం వల్ల ఇంత మేలు జరగడం నేను మరెక్కడా వినలేదు.

సార్క్‌కు తోబుట్టువులు చాలామందే ఉన్నారు. టి-కణాల్లో ఎల్‌సీకే, సూక్ష్మజీవుల్ని మింగేసే మాక్రోఫేజ్‌లలో హెచ్‌సీకే. టి-కణం శత్రువును గుర్తుపట్టగానే గ్రాహకం తోకల మీద మొదటి ఫాస్ఫేట్లు పెట్టేది ఎల్‌సీకేయే. అది ఊరికే పనిచేస్తే కణం సొంత ఒంటి మీదికే తిరగబడుతుంది. అందుకే ఈ ఎంజైముల తోకలో ఒక టైరోసిన్ ఉంది. దాని మీద ఫాస్ఫేట్ ఉంటే ఎంజైము నిద్రపోతుంది. టి-కణంలో ఆ ఫాస్ఫేట్ పెట్టేది సీఎస్‌కే, తీసేది సీడీ45. కోడి వైరస్‌లోని సార్క్‌కు ఆ తోకముక్కే లేదు. ఇక దానికి నిద్రెక్కడిది?

మరి తోక ఎంజైమును ఎలా ఆపుతోంది? వాకిలికి అడ్డంగా పడి ఉంటుందని, పనిచేసే చీలికను మూసేస్తుందని చాలామంది ఊహ. 1997లో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఈ ఎంజైముల ఆకారం చూపే రెండు బొమ్మలు వచ్చాయి. ఒకటి హార్వర్డ్ నుంచి స్టీఫెన్ హారిసన్, మైకేల్ ఎక్ బృందం తీసిన సార్క్. రెండోది రాక్‌ఫెల్లర్ నుంచే, అంటే రౌస్ పనిచేసిన చోటినుంచే, జాన్ కురియన్ బృందం తీసిన హెచ్‌సీకే. కురియన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివి అమెరికా వెళ్ళినవారు.

రెండింటిలోనూ వాకిలి తెరిచే ఉంది! గొళ్ళెం పెరటి వైపుంది. ఎంజైములోని ఎస్‌హెచ్2 అనే భాగం తోకను పట్టుకుంది. ఎస్‌హెచ్3 అనే మరో భాగం, ఎస్‌హెచ్2ను పనిచేసే భాగంతో కలిపే మధ్య తాడును పట్టుకుంది. ఈ రెండూ వెనకనుంచి బిగించేసరికి లోపలి సీ-హెలిక్స్ అనే మలుపు పక్కకు జరిగి, ఫాస్ఫేట్‌ను అందించడానికి కావలసిన అమైనో ఆమ్లం చోటు తప్పుతుంది. తలుపు మూయకుండానే ఇంట్లో పని ఆగిపోయిందన్నమాట.

అదే ఏడాది కురియన్ బృందం మరొకటి చూపించింది. హెచ్‌ఐవీ దగ్గరున్న నెఫ్ అనే ప్రొటీను హెచ్‌సీకేలోని ఎస్‌హెచ్3ను తనవైపు లాక్కుని ఆ గొళ్ళెం ఊడదీస్తుంది. శాస్త్రవేత్తలు 1997లో కనిపెట్టిన పెరటి దారి వైరస్‌కు అంతకుముందే తెలుసు.